నిండేదాకా బయటపడని మోసం

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఫోన్ల దుకాణాల ముందు పిల్లల గుంపులు కనబడుతున్నాయి. చేతుల్లో చిన్న చిన్న గేమ్ యంత్రాలు. కొందరివి ఆన్‌లైన్లో తక్కువ ధరకు తెప్పించుకున్న ఆర్36ఎస్‌లు, అన్‌బెర్నిక్‌లు. కొందరివి అమెరికాలో ఉన్న మేనమామో బాబాయో తెచ్చిచ్చిన నింటెండో స్విచ్‌లు. వరంగల్ నిట్‌లో చదివే కుర్రాళ్ల చేతుల్లో అయితే స్టీమ్ డెక్‌లూ ఉంటాయి. యంత్రం ఏదైనా అడిగేది ఒకటే: చోటు చాలడం లేదు, పెద్ద మెమొరీ కార్డు కావాలి.

అమ్మా, అయ్యా, జర ఆగండి. తమ్ముళ్లూ, మీరు కూడా.

ఆడుకోవద్దని చెప్పడానికి రాలేదు. సెలవుల్లో పిల్లలు ఆడుకోకపోతే ఇంకెప్పుడు ఆడుకుంటారు? కార్డు మార్చడమూ తప్పు కాదు. తీసి పెట్టడం పది సెకన్ల పని. కానీ ఆ పది సెకన్లకు ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అవి ఎవరూ చెప్పరు. దుకాణంలో తీరిక ఉండదు, ఆన్‌లైన్లో అమ్మేవాడికి అవసరం ఉండదు. అవి చేయకపోతే పోయేది ఆటలే అయితే నేనింత కంగారు పడేవాణ్ని కాదు.

ముందుగా నకిలీ కార్డుల సంగతి. 1 టీబీ కార్డు ఐదారు వందలకు, 2 టీబీ వెయ్యి లోపు అని ఫోన్లో కనబడితే అది ఆఫర్ కాదు. అసలైన 1 టీబీ కార్డు ధర ఈ రోజుకీ వేలల్లోనే ఉంది. వేల రూపాయల సరుకును వందలకు ఎవరూ ఇవ్వరు. పండగకైనా ఇవ్వరు. 8 టీబీ, 16 టీబీ అని అచ్చేసిన గోరంత కార్డు కనబడితే ఇక చర్చే అక్కర్లేదు, పక్కకు జరపండి.

మోసం ఎలా నడుస్తుందో తెలిస్తే భయం ఎందుకో అర్థమవుతుంది. ప్రతి కార్డులో డేటా దాచుకునే ఫ్లాష్ చిప్పు ఒకటి, దాన్ని నడిపే చిన్న కంట్రోలర్ ఒకటి ఉంటాయి. ‘నీలో ఎంత చోటుంది’ అని యంత్రం అడిగితే జవాబిచ్చేది కంట్రోలరే. మోసగాళ్లు ఆ జవాబును మార్చేస్తారు. లోపల ఉన్నది 16 జీబీయో 32 జీబీయో. కంట్రోలర్ మాత్రం 1 టీబీ అంటుంది. ఫోను నమ్ముతుంది, కంప్యూటరు నమ్ముతుంది, గేమ్ యంత్రమూ నమ్ముతుంది. అసలు చోటు ఉన్నంతవరకు అంతా సవ్యంగానే నడుస్తుంది. ఆ గీత దాటిన తర్వాత రాసేదంతా కొన్ని కార్డుల్లో గాలికి పోతుంది. మరికొన్నిట్లో మళ్లీ మొదటికొచ్చి పాతదాని మీదే పడుతుంది. తెర మీద ఫైలు పేరు ఉంటుంది, సైజు ఉంటుంది. లోపల సరుకు ఉండదు.

వరంగల్ రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నకిలీ పత్తి విత్తనం ప్యాకెట్ అసలుదానిలాగే మెరుస్తుంది. మొలక కూడా వస్తుంది. కాయ పట్టాల్సిన రోజున గానీ సంగతి బయటపడదు. అప్పటికి అదను దాటిపోయి ఉంటుంది, అమ్మినవాడు దొరకడు, బిల్లు ఉండదు. ఈ కార్డూ అంతే. కొన్న రోజున బాగుంటుంది, నెలకూ బాగుంటుంది. పిల్లవాడు నింపుకుంటూ పోయి, ఒకరోజు నాలుగు నెలలు ఆడిన ఆట తెరవబోతే, ఎక్కడిదాకా ఆడాడో దాచుకున్న సేవ్ కనబడదు. వాపసు గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

తెలివైనవాళ్లు పడరు అనుకోకండి. బన్నీ అని అందరూ పిలిచే ఆండ్రూ హువాంగ్ అనే అమెరికా ఇంజినీరు ఉన్నాడు, హార్డ్‌వేర్ విప్పి చూడటంలో పేరున్న మనిషి. తమ కంపెనీ తయారుచేసే పరికరాల కోసం వచ్చిన కార్డుల్లో ఒక బ్యాచ్ తేడాగా ఉండటం గమనించాడు. అనుమానం వచ్చి, చైనా మార్కెట్లో దొరికే కార్డులు కొని, పై కవచం కరిగించి చిప్పులు చూసి, 2010లో ఆ వివరాలన్నీ రాశాడు. మీద పేరున్న కంపెనీ ముద్ర, లోపల వేరే సంగతి. ఫ్యాక్టరీకి నేరుగా సరుకు తెప్పించుకునే వాళ్ల దగ్గరికే అది చేరింది. మూడు చేతులు మారి మన ఊరి అద్దాల బల్ల మీదికి వచ్చే సరుకు గురించి మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

అందుకే దుకాణదారులను నేను తిట్టను. వాళ్లలో చాలామందికి తాము అమ్ముతున్నది నకిలీ అని తెలియదు. హైదరాబాద్ నుంచి పెట్టెలో వచ్చింది, బల్ల మీద పెట్టారు. తమ్ముళ్లూ, మీకు నా విన్నపం ఒక్కటే. కొత్త సరుకు వచ్చినప్పుడు ఒక కార్డు తీసి పూర్తిగా నింపి చూడండి. అడిగినవాళ్లకు బిల్లు రాసివ్వండి. రాసివ్వలేని సరుకును మన పిల్లలకు అంటగట్టకండి.

ఇప్పుడు గుర్తులు చెబుతాను, గుర్తు పెట్టుకోండి. కార్డు మీద అక్షరాలు కొద్దిగా మసకగా ఉండటం, కంపెనీ పేరు అక్షరంలో తేడా, ప్యాకెట్ మీద తయారీ దేశం గానీ వారంటీ వివరాలు గానీ లేకపోవడం పైకి కనబడేవి. లోపలి గుర్తులు తర్వాత మొదలవుతాయి. ఒకే ఆట ఒకే చోట ఆగిపోతుంది. నిన్న కనబడిన ఆట ఈరోజు జాబితాలో ఉండదు. కాపీ వేగంగా మొదలై మధ్యలో నిమిషాల తరబడి కదలదు. యంత్రం ఆపి మళ్లీ వేస్తే కార్డును ఫార్మాట్ చేయమంటుంది. ఫోటో సగం వచ్చి మిగతా సగం బూడిద రంగులో ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ కార్డు మీద ఇక ఏమీ రాయకండి. ఉన్నదాన్ని వెంటనే వేరేచోటికి తీసుకోండి. ‘ఒక్కసారే కదా’ అని ఊరుకున్నవాళ్లే తర్వాత ఏడుస్తున్నారు.

ఒక అపోహ కూడా తీర్చాలి. 128 జీబీ కార్డు కంప్యూటర్లో పెడితే 119 దగ్గర చూపిస్తుంది, 256 అయితే 238 దగ్గర. అది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కిస్తుంది, తేడా అక్కడే. దుకాణంలో గొడవ పెట్టుకోకండి. అలాగే, సరిగ్గా 119 చూపించింది కదా అని నిశ్చింతగా కూడా ఉండకండి. నకిలీ కార్డూ సరిగ్గా అదే చూపిస్తుంది.

మరి తేల్చేది ఎలా? ఒక్కటే దారి: మొత్తం నింపి, మొత్తం చదివి చూడటం. విండోస్ కంప్యూటర్ ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. జర్మనీలోని సీటీ అనే కంప్యూటర్ పత్రిక వాళ్ల దగ్గర పుట్టింది. కార్డు అంచుదాకా పరీక్ష డేటా రాసి, మళ్లీ తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చెబుతుంది. లైనక్స్ వాడే పిల్లలకు ఎఫ్3 ఉంది, దాని పనీ అదే. 128 జీబీ కార్డుకు రెండు మూడు గంటలు పట్టవచ్చు, 512 అయితే రాత్రి పెట్టి పొద్దున చూసుకోండి. ఖాళీ కార్డు మీదే చేయాలి. ఆటలన్నీ ఎక్కించాక కాదు, కొన్న రోజునే, వాపసు గడువు ఉండగానే. ఇంట్లో కంప్యూటర్ లేదా? పక్కింట్లో ఇంజినీరింగ్ చదివే అన్నయ్య ఉంటాడు. మన నగరంలో కంప్యూటర్ చదివే పిల్లలకు కరువు లేదు. ఒక టీ ఇచ్చి అడిగితే ఎవరైనా చేసిపెడతారు.

అసలు అంత పెద్ద కార్డు ఎందుకు అని మాత్రం ఎవరూ అడగరు. పాత నింటెండో ఆటలు ఒక్కొక్కటి కొన్ని వందల కేబీలు, మహా అయితే కొన్ని పదుల ఎంబీలు. మొదటి ప్లేస్టేషన్ ఆట డిస్కు ఒక్కోటి 700 ఎంబీ లోపే. అవి ఆడుకునే చౌక యంత్రానికి 64 జీబీ ఎక్కువ, 128 జీబీ మరీ ఎక్కువ. పిల్లవాడు టెరాబైట్ అడుగుతున్నాడంటే అది అవసరం కాదు, అంకె మీద మోజు. ఆ మోజు మీదే ఈ నకిలీ వ్యాపారమంతా నడుస్తోంది. పేరున్న కంపెనీ 64 జీబీ లేదా 128 జీబీ కార్డు, బిల్లుతో కొనండి, సరిపోతుంది. డబ్బూ మిగులుతుంది.

చౌక యంత్రాలు కొన్నవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఆర్36ఎస్ లాంటి వాటితో పాటు వచ్చే కార్డు చాలాసార్లు పేరూ ఊరూ లేనిది. యంత్రం కన్నా ముందు పోయేది అదే. దానిలోనే యంత్రం నడిచే సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది. కార్డు పోయిన రోజున తెర నల్లగా మారుతుంది, యంత్రమే చెడిపోయిందనుకుని మూలన పడేస్తారు. కొన్న వారంలోనే ఆ కార్డు మొత్తాన్ని కంప్యూటర్లోకి ఒకే ఇమేజ్ ఫైలుగా తీసిపెట్టుకోండి. ఫైళ్లను మౌస్‌తో లాగి కొత్త కార్డులో వేస్తే సరిపోదు. యంత్రం మొదలయ్యే భాగం అలా రాదు, ఇమేజ్‌గా తీసి ఇమేజ్‌గానే రాయాలి.

ఇక్కడొక పెద్ద గుంట ఉంది. ఇమేజ్ రాసే ప్రోగ్రామ్ ‘ఏ డ్రైవ్ మీద రాయాలి’ అని అడుగుతుంది. పిల్లవాడు తొందరలో కార్డుకు బదులు నాన్న ఆఫీసు ఫైళ్లున్న హార్డ్ డిస్కును ఎంచుకుంటే, ఒక్క నొక్కుతో అది పోతుంది. ఆ పని చేసేముందు కంప్యూటర్‌కు బయట తగిలించి ఉన్న పెన్ డ్రైవ్‌లు, హార్డ్ డిస్కులు అన్నీ పీకేయండి. డ్రైవ్ సైజు చదవండి. పెద్దవాళ్లు పక్కన కూర్చోండి.

చౌక యంత్రాలతో వచ్చే కార్డుల మీద ‘ఇరవై వేల ఆటలు’ అని గొప్పగా రాస్తారు. అవి చాలావరకు హక్కుదారుల అనుమతి లేకుండా కాపీ చేసినవే. అది ఒక సంగతి. ఇంకో సంగతి, ఎక్కడెక్కడి చేతులు మారి వచ్చాయో తెలియని ఫైళ్లు అవి. ఆటల మధ్యలో విండోస్ ప్రోగ్రామ్ ఫైలు ఏదైనా కనబడితే తెరవకండి. బ్యాంకు పని చేసుకునే కంప్యూటర్లో ఆ కార్డు పెట్టకపోతే ఇంకా మంచిది.

ఇక నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయానికి వస్తాను. కొత్త కార్డు కొనే డబ్బు లేక, లేదా కొనేదాకా ఆగలేక, పిల్లలు ఇంట్లో ఉన్న కార్డు వాడతారు. బీరువాలో అమ్మ పాత ఫోను ఉంటుంది. దాంట్లో ఒక కార్డు ఉంటుంది. తీసి గేమ్ యంత్రంలో పెడతారు. ‘ఈ కార్డును వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని తెర మీద వస్తుంది. ఇంగ్లీషులో వస్తుంది. పిల్లవాడు ‘ఏ’ బటన్ నొక్కుతాడు.

ఆ కార్డులో ఏముందో ఆ పిల్లవాడికి తెలియదు. తాను పుట్టినప్పటి ఫోటోలు ఉండవచ్చు. పోయిన నానమ్మ గొంతు ఉండవచ్చు. అక్క పెళ్లి వీడియో ఉండవచ్చు. 2023 జులై వానలకు, మళ్లీ 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫానుకు మన నగరంలో కాలనీలకు కాలనీలు నీళ్లలో మునిగాయి. ఇంట్లోకి నీళ్లొచ్చి కాగితపు ఆల్బమ్ పోగొట్టుకున్న కుటుంబానికి ఫోన్ కార్డులో ఉన్నవే మిగిలిన ఫోటోలు. అవి ఒక ఆట కోసం పోవడం న్యాయం కాదు. పిల్లవాణ్ని కొట్టినా తిట్టినా తిరిగి రావు.

అందుకే ఈ రాత్రే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న పాత ఫోన్లు, పాత కెమెరా బయటికి తీయండి. వాటిలోని కార్డుల్లో ఏమున్నదో చూడండి. అన్నిటినీ కంప్యూటర్లోకో, వేరే హార్డ్ డిస్కులోకో కాపీ చేయండి. ఒక ప్రతి ఇంకో ఊళ్లో ఉన్న అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో పంపండి. ఆ తర్వాత ఆ కార్డులను పిల్లలకు అందకుండా దాచండి.

స్టీమ్ డెక్ వాడే కుర్రాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అది కార్డును లైనక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది. ఆ కార్డును తీసి విండోస్ కంప్యూటర్లో పెడితే, చదవలేక, ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి, చేయమంటారా’ అని అడుగుతుంది. కార్డు చెడిపోలేదు. కంప్యూటర్‌కు ఆ భాష రాదు, అంతే. ‘వద్దు’ నొక్కి కార్డు బయటికి తీయండి.

ఒకవేళ ఫార్మాట్ అయిపోయిందా? కంగారుపడి ఇంకేమీ చేయకండి. ఆ క్షణమే యంత్రం ఆపి కార్డు తీసేయండి. త్వరగా అయిపోయే ఫార్మాట్‌లో చాలాసార్లు పోయేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికే, ఫోటోలు వెంటనే చెరిగిపోవు. వాటి మీద కొత్తది పడినప్పుడే నిజంగా పోతాయి. అందుకే ఒక్క ఆట కూడా ఎక్కించకండి, ఒక్క ఫోటో కూడా తీయకండి. ఫోటోరెక్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దాంతో కార్డును చదివి, దొరికినవాటిని కంప్యూటర్లోని వేరే డిస్కు మీద దాచుకోవాలి. అదే కార్డు మీద దాచకూడదు, అలా చేస్తే మిగిలినవీ చెరిగిపోతాయి. మీకు చేతకాకపోతే తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకుపోండి. దారిలో ఎవరి చేతికీ ‘ఒకసారి పెట్టి చూద్దాం’ అని ఇవ్వకండి.

సేవ్‌లు ఎక్కడ ఉంటాయో కూడా ముందే తెలుసుకోండి, ఎందుకంటే ప్రతి యంత్రంలో ఒకే చోట ఉండవు. స్విచ్‌లో ఆటలు కార్డు మీద ఉన్నా, ఆడిన సేవ్‌లు యంత్రం లోపలే ఉంటాయి. కార్డు మారిస్తే అవి పోవు, యంత్రం పోతే పోతాయి. పాత పీఎస్‌పీలో సేవ్‌లు మెమొరీ స్టిక్ మీదే. చౌక రెట్రో యంత్రాల్లో కూడా కార్డు మీదే. కాబట్టి కార్డు తీసేముందు ‘సేవ్ ఎక్కడుంది’ అని పిల్లవాణ్నే అడగండి. తెలియకపోతే తెలుసుకునేదాకా తీయనివ్వకండి.

స్విచ్ 2 వచ్చిన ఇళ్లకు ఒక మాట. 2025 జూన్‌లో వచ్చిన ఆ యంత్రానికి ఆటలు ఎక్కించాలంటే మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి. మామూలు మైక్రో ఎస్‌డీ కూడా అదే కొలతలో ఉంటుంది, అదే స్లాటులో దూరుతుంది, కానీ ఆటలకు పనికిరాదు. ప్యాకెట్ మీద ఎక్స్‌ప్రెస్ గుర్తు ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టకండి.

కార్డు మార్చేటప్పుడు యంత్రాన్ని పూర్తిగా ఆపండి. నిద్రలో పెట్టడం కాదు, ఆపడం. రాస్తూ ఉండగా కార్డు లాగేస్తే సగం రాసిన ఫైలు మిగతావాటినీ చెడగొట్టవచ్చు. బ్యాటరీ అయిపోయే దశలో పెద్ద ఆటలు కాపీ చేయకండి, మధ్యలో ఆగితే అదే నష్టం. కార్డు దూరకపోతే బలం పెట్టకండి, తిప్పి చూడండి.

కొన్ని చౌక యంత్రాల్లో స్లాటుకూ పైపెట్టెకూ మధ్య సందు ఉంటుంది. కార్డు స్లాటులోకి పోకుండా సందులోంచి లోపలికి జారుతుంది. అక్కడి నుంచే అసలు ప్రమాదం మొదలు. పిల్లవాడు వంటింట్లోంచి చాకు తెస్తాడు, స్క్రూడ్రైవర్ తెస్తాడు, పెట్టె నొక్కి తెరుస్తాడు. లోపల పలచని కవరులో లిథియం బ్యాటరీ ఉంటుంది. చాకు మొన దానికి గుచ్చుకుంటే పొగ, మంట. అది మామూలు మంట కాదు, వేగంగా లేస్తుంది. మూసి ఉన్న గదిలో, పరుపు మీద కూర్చుని చేసే పని అది. నా మాట వినండి, జారిన కార్డు కోసం పిల్లలు పెట్టె తెరవకూడదు. మరమ్మతు తెలిసినవాళ్లకు ఇవ్వండి. వంద, రెండు వందలతో పోతుంది.

స్టీమ్ డెక్ తెరిచేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. వెనక కవరు తీసేముందు మెమొరీ కార్డు బయటికి తీయకపోతే, కవరు లాగినప్పుడు కార్డు రెండు ముక్కలవుతుంది. తెరవాలనుకున్న ఎంతోమంది ఇలా కార్డు విరగ్గొట్టుకున్నారు. చదువుకున్నవాళ్లే, తొందరలో.

యంత్రం వెనకభాగం ఉబ్బినట్టు కనబడినా, తెర అంచు పైకి లేచినా, ఛార్జింగ్‌లో చేయి పెట్టలేనంత వేడెక్కినా కార్డు సంగతి వదిలేయండి. ఛార్జర్ తీసేసి, యంత్రాన్ని గట్టినేల మీద, కాలే వస్తువులకు దూరంగా పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కి చూడకండి, నగరపాలక సంస్థ చెత్త బండిలో వేయకండి. అక్కడ ఎవరో కార్మికుడి చేతుల్లో అది పగలవచ్చు. మరమ్మతు దుకాణంలోనో ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ల దగ్గరో ఇవ్వండి.

ఇంట్లో పాకే పిల్లలు ఉన్నారా? మైక్రో ఎస్‌డీ కార్డు 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు. నేల మీద పడితే పెద్దవాళ్లకు కనబడదు, పాకే పిల్లకు కనబడుతుంది. స్విచ్ ఆట కార్డులకు నింటెండో వాళ్లు చేదు పూత పూస్తారు, నోట్లో పెట్టుకున్న పిల్ల ఉమ్మేయాలని. మామూలు మెమొరీ కార్డుకు ఆ రక్షణ లేదు. మింగినట్టు అనుమానం వస్తే డాక్టరుకు చూపించండి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి కష్టమైనా ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉంచకండి, ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరున్న మరోదానికో పరుగెత్తండి. వేళ్లు పెట్టి తీయబోవద్దు.

పాత కార్డు అమ్మేవాళ్లకూ, గేమ్ యంత్రంతో పాటు ఇచ్చేసేవాళ్లకూ ఒక హెచ్చరిక. పైన చెప్పాను కదా, ఫార్మాట్ చేసిన కార్డులోంచి ఫోటోలు తిరిగి తీయవచ్చని. మీకు పనికొచ్చే ఆ వెసులుబాటే చెడ్డవాడికీ పనికొస్తుంది. ఆడపిల్లల ఫోటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఎప్పుడో ఆ కార్డులో ఉండి ఉంటే దాన్ని ఎవరికీ ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే, చెరిపేశాక మళ్లీ మొత్తం వేరే డేటాతో నింపి ఇవ్వండి. ఇందాక చెప్పిన పరీక్ష ప్రోగ్రామే ఆ పని చేసిపెడుతుంది. లేదా విరిచేయండి, వంద రూపాయల కార్డు కోసం పరువు పణంగా పెట్టనక్కర్లేదు. ఫోటోలతో ఎవరైనా బెదిరిస్తే పిల్ల ఒంటరిగా భరించకూడదు. ఇంట్లో చెప్పేలా ఆమెకు ధైర్యం ఇవ్వండి. 2014 నుంచి మన రాష్ట్రంలో పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, వాళ్ల దగ్గరికి వెళ్లండి.

కొనేటప్పుడు చేసే మోసం ఇంకో రూపంలోనూ వస్తోంది. టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో లింకు వస్తుంది. 2 టీబీ కార్డు, వేల ఆటలతో, డెలివరీ ఛార్జీ మాత్రం ముందు కట్టండి అంటారు. పిల్లవాడు అమ్మ ఫోన్లోంచి కడతాడు. తర్వాత ఓటీపీ అడుగుతారు, ఏదో యాప్ వేసుకోమంటారు. కార్డు రాదు, ఖాతా ఖాళీ అవుతుంది. యూపీఐ పిన్ పిల్లలకు తెలియనివ్వకండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తెల్లారి చేద్దాం అనుకోకండి, మొదటి గంటల్లో చేస్తేనే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. పిల్లవాడు భయపడి దాచిపెడితే ఆ గంటలు పోతాయి. అందుకే, తిట్టనని ముందే మాటివ్వండి.

నకిలీ కార్డు అంటగట్టిన కేసులో దారి వేరు. ఆన్‌లైన్లో కొన్నవాళ్లు పార్శిల్ టేపు కోయకముందు నుంచే వీడియో తీయండి. పరీక్ష ప్రోగ్రామ్ చూపిన ఫలితాన్ని ఫోటో తీసి ఉంచండి. ముందు అమ్మినవాళ్లను అడగండి, కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక, అమ్మినవాడు ఎక్కడున్నా మీరు ఉన్న ఊళ్లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్ల దాకా గడువు ఉంది. ఆరు వందల కార్డు కోసం ఎవరు తిరుగుతారు అంటారు, నాకు తెలుసు. ఆ మాట మీద నమ్మకంతోనే వాళ్లు అమ్ముతున్నారు. తిరగకపోయినా ఒక ఫోన్ చేయండి.

కొత్త కార్డు పరీక్షలో నెగ్గి, ఆటలు ఎక్కి, సేవ్‌లు తెరుచుకుని, పిల్లవాడు సంబురంగా ఆడుకుంటున్నా పాత కార్డును మాత్రం వెంటనే చెరపకండి, ఇంకొకరికి ఇవ్వకండి. చిన్న డబ్బీలో వేసి, పైన తేదీ రాసి, పసిపిల్లలకు అందని చోట నెల రోజులు ఉంచండి. ఈ నెలలో కొత్త కార్డు మొరాయిస్తే తిరిగి మొదలుపెట్టడానికి మీ దగ్గర ఉన్నది అదొక్కటే.